మూడు పడవల మీద కాళ్లు

వదినగారూ, ఉన్నారా? కాస్త ఇలా గోడ దగ్గరికి రండి. మా తోట నుంచి వచ్చిన చిన్నరసాలు పిల్లాడి చేత పంపాను, అందాయా? కడిగి, కాసేపు నీళ్లలో వేసి మరీ తినండి, ఇంకా వేడి దిగలేదు. బంగినపల్లి ఈసారి అడక్కండి. పూత బాగానే వచ్చింది గానీ తేనెమంచు పురుగు సగం రాల్చేసింది. మిగిలిన కాయకి మా ఆయన కాగితం కవర్లు తొడిగించి, ఇప్పుడు రోజూ వాటిని లెక్కపెట్టుకుంటున్నారు.

అసలు సంగతికొస్తాను. రాత్రి మీ ఇంట్లో అమ్మాయి గురించి మాటలు నాకు వినపడ్డాయండీ. వినాలని విన్నది కాదు, మన గోడ ఎత్తే అంత! అన్నయ్యగారు గట్టిగానే అరిచారు కదూ? "డిగ్రీ అంది, చదివించాను. టీవీ ఛానలంది, సరేనన్నాను. ఇప్పుడు లా అంటోంది. ఆ తర్వాత యూనివర్సిటీలో పాఠాలు చెబుతుందట! మూడు పడవల మీద కాళ్లు పెట్టి ఎక్కడ తేలుతుంది?" అని. పాపం, ఆయన బాధ ఆయనది. ఊరి చివర ట్రిపుల్ ఐటీ వచ్చిన 2008 నుంచీ మన వీధిలో ఇంజనీరింగ్ తప్ప ఇంకోటి చదువు కిందే జమకట్టడం లేదు. ఒక్క కంపెనీలో చేరి, ఒక్క కుర్చీలో కూచుంటేనే నిలకడ అని మన లెక్క.

నేను నూజివీడు కోర్టులో టైపు కొట్టీ కొట్టీ రిటైరైన దాన్ని. వకీళ్లని చూశాను, కేసుల వెంట తిరిగే విలేకరుల్నీ చూశాను. అందుకని ఓ మాట చెబుతాను, విని మీరే అన్నయ్యగారి చెవిన వెయ్యండి.

మాడభూషి శ్రీధర్ గారి పేరు వినే ఉంటారు, పేపర్లలో వ్యాసాలు రాస్తుంటారు. వరంగల్ ఆయన. వాళ్ల నాన్నగారు ఎం.ఎస్. ఆచార్య గారు అక్కడ జనధర్మ అనే పత్రిక నడిపారు. అంటే ఈయన పుట్టడమే అచ్చు సిరా వాసన మధ్య పుట్టారన్నమాట. పత్రికా రచయితగా మొదలయ్యారు. న్యాయశాస్త్రం చదివారు. తర్వాత హైదరాబాద్ పక్కన శామీర్‌పేటలో నల్సార్ ఉంది చూడండి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, అందులో ప్రొఫెసరయ్యారు. అక్కడ చెప్పిన పాఠాల్లో ముఖ్యమైనది మీడియా చట్టం: పత్రిక ఏం రాయొచ్చు, ఏం రాస్తే పరువునష్టం, ఏం రాస్తే కోర్టు ధిక్కారం. చూశారా, మొదటి కొలువులో చేసిన పనే తర్వాతి కొలువులో పాఠమైంది. విడిచిపెట్టిందేం లేదు.

అంతటితో ఆగలేదు. 2013లో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఢిల్లీ వెళ్లారు, అయిదేళ్లు చేశారు. అక్కడి పని తెలుసుగా? ఎవరో మామూలు మనిషి ఏదో ఆఫీసుని ఓ కాగితం అడుగుతాడు. వాళ్లు ఇవ్వం పొమ్మంటారు. ఇవ్వాలా, అక్కర్లేదా అని తేల్చేది కమిషనర్. కాగితం కోసం గుమ్మాల దగ్గర నిలబడ్డ విలేకరికి అడిగేవాడి అవస్థ తెలుస్తుంది. చట్టం చదివినవాడికి ఇవ్వనివాడు ఏ సెక్షన్ చాటున దాక్కుంటున్నాడో తెలుస్తుంది. పాఠం చెప్పినవాడికి తీర్పుని ఇద్దరికీ అర్థమయ్యేలా రాయడం తెలుస్తుంది. ఈ మూడూ ఒక మనిషిలో ఉంటే ఆ కుర్చీకి అంతకన్నా ఏం కావాలి?

అలాగని అంతా సాఫీగా నడిచిందనుకోకండి. మంత్రులు కూడా సమాచార హక్కు కింద జవాబు చెప్పాల్సినవాళ్లేనని 2016లో ఉత్తర్వు ఇచ్చారు. ఢిల్లీ యూనివర్సిటీ 1978 నాటి బీఏ రికార్డులు చూపించమని ఆ ఏడాది చివర ఇంకో ఉత్తర్వు. ప్రధానమంత్రి డిగ్రీ గొడవ గుర్తుందిగా, అదే. కొన్నాళ్లకే విద్యాశాఖ కేసులు ఆయన దగ్గర్నుంచి తీసేశారు. ఆ డిగ్రీ ఉత్తర్వుని ఢిల్లీ హైకోర్టు 2017 జనవరిలో ఆపింది, 2025 ఆగస్టులో పూర్తిగా కొట్టేసింది. బ్యాంకులకి కావాలని అప్పులు ఎగ్గొట్టినవాళ్ల జాబితా ఎందుకు బయటపెట్టలేదని రిజర్వు బ్యాంకు గవర్నరుకే షోకాజ్ నోటీసు ఇచ్చారు, అదీ 2018 నవంబరులో, దిగిపోయే నెలలో! పదవి అయ్యాక ఏం చేశారంటారా? మళ్లీ లా విద్యార్థులకి పాఠాలు, మళ్లీ పత్రికలకి వ్యాసాలు. ఆయన ఉత్తర్వులు నిలిచాయా, పోయాయా అన్నది కోర్టుల సంగతి. నిలకడ సంగతంటారా, ఎక్కడ కూర్చున్నా ఆయన అడిగింది ఒక్కటే, "కాగితం ఏదీ?" అని.

ఇది ఇవాళ్టి వింత కాదు వదినగారూ. హిందూ పేపరు పెట్టింది ఎవరనుకున్నారు? 1878లో మద్రాసులో ఆరుగురు కుర్రాళ్లు. అందులో ఇద్దరు పాఠాలు చెప్పే పంతుళ్లు, నలుగురు లా చదివే విద్యార్థులు. ఒక్క రూపాయి పన్నెండు అణాలు అప్పు చేసి ఎనభై కాపీలు వేశారు. ఆ నలుగురిలో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు గారు, తర్వాత రాజమండ్రిలో పెద్ద వకీలు. పాఠం, చట్టం, పత్రిక అన్నీ ఒకే గదిలోంచి బయల్దేరాయి. ఇటు మన బందరులో 1902లో కృష్ణాపత్రిక మొదలైనప్పుడు ముందు నిలబడ్డ కొండా వెంకటప్పయ్య గారు వకీలే కదా. అంత దూరం ఎందుకు, మన రాజావారు ఎం.ఆర్. అప్పారావు గారు ఎమ్మెల్యే అయ్యారు, మంత్రి అయ్యారు, తర్వాత ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆయనకి నిలకడ లేదని నూజివీడులో ఎవరన్నా అన్నారా? పెద్దవాళ్లు మారితే అనుభవం, మన పిల్లలు మారితే చపలత్వమా?

మీరు నవ్వుతున్నారు గానీ, నిన్న అమ్మాయి నాతో కార్బైడ్ సంగతి చెప్పింది, అందులోనే ఉందంతా. ఏప్రిల్ రాగానే ముదరని కాయ కోసేసి, పెట్టెల్లో కాగితప్పొట్లంలో కార్బైడ్ రాళ్లు పెట్టి మూసేస్తారు. గాలిలో తేమ తగిలి గ్యాస్ పుడుతుంది, రెండు రోజులు తిరిగేసరికి తోలు పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది. లోపల కోస్తే టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉంటుంది. ఆ రాయిలో ఆర్సెనిక్, భాస్వరం లాంటి విషాల జాడ ఉంటుంది కాబట్టి దాన్ని నిషేధించారు. దాని బదులు గదిలో ఇథిలీన్ గ్యాస్ పెట్టుకోవచ్చన్నారు, అదీ పది లక్షల పాళ్లకి వంద పాళ్లు మించకుండా.

అమ్మాయి ఛానల్ తరఫున ఓ గోడౌన్‌కి వెళ్లింది. పొట్లాలు చూపించింది, కెమెరా తీసింది, టీవీలో ఒకటిన్నర నిమిషం వచ్చింది. మర్నాడు ఇంకో వార్త. గోడౌన్ గోడౌన్‌లాగే ఉంది. "అత్తా, నేను చూసింది నిజమే కదా, మరి ఏం కాలేదేం?" అని అడిగింది. నాకు కోర్టు గుర్తొచ్చి చెప్పాను. ఆహార భద్రత చట్టం 2006 ప్రకారం అధికారి వచ్చి నమూనా తియ్యాలి. దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వెయ్యాలి. అందులో ఒకటి ల్యాబుకి వెళ్లాలి, పద్నాలుగు రోజుల్లో రిపోర్టు రావాలి. ఈ వరసలో ఒక్క మెట్టు తప్పినా అవతలి వకీలు కేసు ఎగరగొట్టేస్తాడు. అమ్మాయి నోరు తెరుచుకుని వింది. "అయితే నేను అడగాల్సింది పొట్లం ఎవరిదని కాదన్నమాట, ఈ సీజన్లో ఎన్ని నమూనాలు తీశారు, ఎన్ని కేసులు పెట్టారు అని" అంది. లా చదవాలన్న బుద్ధి దానికి అక్కడ పుట్టింది వదినగారూ. గాలికి తిరగడం కాదు అది.

పత్రిక, కోర్టు చెయ్యి కలిపితే ఏమవుతుందో ఈ కార్బైడ్ విషయంలోనే చూశాం. 2015లో హైదరాబాద్‌లో ఉమ్మడి హైకోర్టు పేపర్లో వచ్చిన కథనాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుని రెండు ప్రభుత్వాలనీ నిలదీసింది. అడిగింది కోర్టే అయినా, దానికి ముడిసరుకు ఇచ్చింది ఏదో ఓ విలేకరి రాత.

ఇక పాఠం చెప్పేవాళ్ల వంతు. పట్టుకోవడం, శిక్షించడం సరే, అసలు రైతు పచ్చికాయ ఎందుకు కోయిస్తున్నాడు? ఏప్రిల్ మొదట్లో ధర ఉంటుంది, మేలో నున్న మార్కెట్ నిండా కాయ పడితే పడిపోతుంది. మధ్యలో ఓ గాలివాన వస్తే కాయ నేల మీదే. పైగా పూత మీదే తోట గుత్తకి ఇచ్చేసిన రైతుకి కోత తన చేతిలో ఉండదు. ఇవన్నీ ఓపిగ్గా కూర్చుని, ఎవరి పక్షమూ పట్టకుండా తేల్చేది యూనివర్సిటీ పని. విలేకరికి తీరిక ఉండదు, వకీలుకి ఓ కక్షిదారు ఉంటాడు, ప్రొఫెసరుకి మార్కెట్ యార్డు దుమ్ము తెలీదు. ఒకరి లోటు ఇంకొకరి దగ్గర తీరుతుంది. ముగ్గురి దగ్గరా కొన్నాళ్లు పనిచేసిన మనిషికి అంత సులువుగా ఎవరూ టోపీ పెట్టలేరు.

అయితే ఒకటి. అన్నయ్యగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. మూడూ ఒకేసారి, మూడు చోట్ల జీతం తీసుకుంటూ చేస్తానంటే చట్టమే ఒప్పుకోదు. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం వకీలుగా ఉన్నవాళ్లు పూర్తికాలం జీతం ఉద్యోగం చెయ్యకూడదు. చేరితే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపెయ్యాలి. మొన్న 2024లో ఉత్తరప్రదేశ్ వకీలు ఒకాయన విలేకరిగానూ పనిచేస్తున్నాడని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. చివరికి ఇక వకీలుగా మాత్రమే ఉంటానని ఒప్పుకున్నాడు. కానీ అదే నియమాల్లో కిటికీలూ ఉన్నాయి. పూర్తికాలం ఉద్యోగం కానంతవరకూ, తన గురించి తాను ప్రచారం చేసుకోనంతవరకూ వకీలు పత్రికలకి రాయొచ్చు, రేడియోలో మాట్లాడొచ్చు, ఉపన్యాసాలు ఇవ్వొచ్చు. లా కాలేజీలో రోజుకి మూడు గంటలు మించకుండా పాఠం చెప్పొచ్చు, దానికి 1979 నుంచీ ప్రత్యేకంగా నిబంధనలే ఉన్నాయి. పత్రిక అచ్చుకి వెళ్లే ముందు చట్టపరంగా చిక్కులున్నాయేమో చూసిపెట్టి ఫీజు కూడా తీసుకోవచ్చు. కాబట్టి మూడు పడవలూ ఉండొచ్చు, జీతం పడవ మాత్రం ఒక్కటే.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. కొత్త వకీలుకి మొదటి కొన్నేళ్లు చేతికి వచ్చేది పెద్దగా ఉండదు. మన కోర్టు వరండాలో సీనియరు ఫైళ్లు మోస్తూ, వాయిదాలు రాసుకుంటూ, మధ్యాహ్నం టీకి చిల్లర వెతుక్కునే జూనియర్లని ఎంతమందిని చూశానో! మరి మనం కొత్త మామిడి తోట వేసినప్పుడు ఏం చేస్తాం? మొక్క కాపుకొచ్చేదాకా సాళ్ల మధ్య మినుములో, వేరుశనగో వేసుకుని ఇల్లు గడుపుతాం కదా. అమ్మాయికి రాయడం వచ్చు, అది దాని అంతరపంట. తోట కాపుకొచ్చాక కూడా కావాలంటే ఉంచుకుంటుంది.

ఖర్చు కూడా మీరు భయపడేంత లేదు. డిగ్రీ అయింది కాబట్టి మూడేళ్ల లా చాలు, లాసెట్ రాస్తే సరి. అది పాసయ్యాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు. దానికి వేలకి వేలు గుంజేవాళ్లు, 2024 జులైలో సుప్రీంకోర్టు చట్టంలో ఉన్న 750 రూపాయలు మించొద్దంది, ఎస్సీ ఎస్టీ పిల్లలకి 125. ఆ తర్వాత బార్ పరీక్ష. పాఠాలే చెప్పాలంటే పైన ఎల్‌ఎల్‌ఎం, నెట్. అన్నీ ఇప్పుడే అనుకోనక్కర్లేదు.

ఇంకొకాయన్ని చెప్పి ఆపేస్తాను. బాలగోపాల్ గారు. ఈయనదీ వరంగల్ కథే, కానీ దారి తిరగేసి నడిచారు. ముందు పాఠాలు. గణితంలో డాక్టరేట్ చేసి కాకతీయ యూనివర్సిటీలో 1981 నుంచి 85 దాకా లెక్కలు చెప్పారు. రెండోది రాత. ఏ పత్రికలోనూ ఉద్యోగం చెయ్యలేదు గానీ, ఎన్‌కౌంటర్ జరిగిందంటే ఆ ఊరు వెళ్లి, అడిగి, చూసి, రాసేవారు. ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఆయన వ్యాసాలు దేశమంతా చదివేది. పౌరహక్కుల సంఘం బాధ్యత మోస్తూ జైలుకి వెళ్లారు, 1989లో కిడ్నాప్ కూడా చేశారు ఆయన్ని. నలభై దాటాక లా చదివి, 1998లో వకీలుగా నల్లకోటు వేశారు. బీదాబిక్కీ కేసులు వాదిస్తూనే 2009 అక్టోబరులో పోయారు, యాభై ఏడేళ్లకే. లెక్కల మాస్టారు వకీలెందుకయ్యాడని ఆయన్ని కోర్టుకి తెచ్చుకున్నవాళ్లెవరూ అడగలేదు. మనకోసం నిలబడ్డాడా లేదా అన్నదే చూశారు.

శ్రీధర్ గారు పత్రిక నుంచి క్లాసురూముకి వచ్చారు, బాలగోపాల్ గారు క్లాసురూము నుంచి కోర్టుకి వెళ్లారు. ఇద్దరికీ ఎక్కడా ముందటి చదువు వృథా పోలేదు. పిల్ల ఉద్యోగం మారిందా అని కాదండీ చూడాల్సింది. అడిగే ప్రశ్న మారిందా అని చూడాలి. ఇవాళ ఛానలు, రేపు కోర్టు, ఎల్లుండి కాలేజీ అన్నా, మన పిల్ల "ఈ కార్బైడ్ ఎవరు ఆపాలి?" అనే దగ్గరే ఉంటే దానికి నిలకడ ఉన్నట్టే. జీతం ఎక్కువని ఒకటి, ఏసీ గది అని ఇంకొకటి వెతుక్కుంటూ పోతే అప్పుడు అన్నయ్యగారితో కలిసి నేనూ అరుస్తాను.

ఈ లోపల దానికో పని అప్పజెప్పండి. లా సీటు వచ్చేదాకా ఖాళీగా ఎందుకు? ఈ సీజన్లో నూజివీడు చుట్టుపక్కల ఎన్ని మామిడి నమూనాలు తీశారో, ఎన్నింటికి రిపోర్టు వచ్చిందో, ఎంతమంది మీద కేసు పెట్టారో అడుగుతూ ఆహార భద్రత శాఖకి సమాచార హక్కు దరఖాస్తు రాయమనండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి అయిదు రూపాయలు, ఆ పైన పది. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే శాఖలో పైఅధికారికి అప్పీలు, అక్కడా పలక్కపోతే తొంభై రోజుల్లోపు కమిషన్‌కి. కావాలని ఎగ్గొట్టిన అధికారికి రోజుకి 250 చొప్పున 25 వేల దాకా జరిమానా పడొచ్చు. జవాబు వస్తే దానికి మంచి వార్త, రాకపోతే మొదటి కేసు. రెండింట్లో ఏదైనా దానికి పాఠమే.

అన్నయ్యగారు భోజనం చేసి స్థిమితంగా ఉన్నప్పుడు చెప్పండి, ఇప్పుడే వెళ్లి మీద పడకండి. ఆయన ఒప్పుకోకపోతే నన్ను పిలవండి. లాసెట్ ఫీజు కట్టడం మాత్రం ఆఖరి రోజు దాకా ఆపొద్దు.